నడుమెత్తు

ఇల్లు చూడను ఎవరన్నా వస్తుండారంటే
ముందురోజు మధ్యాహ్నమే కస్తూరయ్య ఫోను.
"చెంచమ్మా, ముక్కు తీసుకుని రా."
ఐదొందలు. ఆటో ఖర్చు వేరే.

ఈ ముక్కు నాకు కందుకూరులో వచ్చింది,
పొగాకు కంపెనీ షెడ్డులో, పదకొండేళ్లు ఆకు ఏరి ఏరి.
ఇది ఎండకి ఆరింది, ఇది మంచు తాగింది,
ఇది బేలు అడుగున బూజు దాచుకుంది అని
కళ్లు మూసుకుని చెప్పేదాన్ని.
షెడ్డు మూసేశారు.
ముక్కు మిగిలింది.

ఇళ్లూ అంతే, గడప దాటితే తెలిసిపోతాది.
ఇక్కడ కుక్క ఉండేది, ముసలిది.
ఇక్కడ ఒకాయన బాత్రూం కిటికీ కాడ నిలబడి
దొంగతనంగా సిగరెట్లు కాల్చేవాడు.
ఇక్కడ చేపల పులుసు ఆదివారం ఒక్కరోజే కాదు.
వీటికి మందుంది నా దగ్గర.
గూడూరు యార్డులో ఏరి పారేసిన నిమ్మకాయలు,
మచ్చ పడినవి, గంప నలభై.
కోసి, ఉప్పేసి, మరగబెడితే
చేప కూడా తను చేపనని మర్చిపోతాది.
అలమార్లలో కాఫీపొడి మూటలు, తలుపు వెనక వట్టివేరు.
అగరొత్తి మాత్రం అంటించను.
అగరొత్తి వాసనొస్తే
"ఏందో దాస్తుండారు" అనుకుంటారు కొనేవాళ్లు.
ఒక బేరం చెడినాక నేర్చుకున్నా ఈ ముక్క.

పెన్న కట్ట కింది వీధిలో ఆ ఇల్లు వేరు.
లేత పసుపు రంగు, ఇంకా ఆరీ ఆరనట్టు. కొత్త టైల్సు.
అడుగు పెట్టి అట్టాగే నిలబడిపోయినా.
రంగు కింద ఏరు ఉండాది.
ఒండ్రు. నానిన పరుపు. ఉబ్బిన తలుపుచెక్క.
ఎవరి పిల్లలవో పుస్తకాలు మురిగిన తీపి.
పెన్న ఒక రాత్రి వచ్చి, మూడు రోజులుండి,
పోతా పోతా చెప్పకుండా పోయిన వాసన.

పదకొండు దాకా తంటాలు పడ్డా.
మూలమూలకీ సున్నం పళ్లేలు, బొగ్గుల చట్లు,
గోడ అడుగంతా నిమ్మచెక్కలతో రుద్దుడు.
తెల్లారేసరికి ఇల్లు గూడూరు అయిపోయింది.
కస్తూరయ్య గుమ్మంలోనే గట్టిగా పీల్చి "అబ్బా" అన్నాడు.
పేరుకే కస్తూరి. పన్నెండు నెలలూ జలుబు ఆయనకి.

వచ్చినామె పొన్నమ్మ,
మైపాడులో ఎండుచేపల వ్యాపారం.
వెంట తమ్ముడు, చేతిలో కొలిచే టేపు.
వంటిల్లు చూళ్లేదు, కొళాయి తిప్పి చూళ్లేదు.
నేరుగా నడిచిపోయి
గోడకి ముక్కు ఆనించింది.
నా గుండె జల్లుమనింది.
ఇదీ పనిచేసిన ముక్కే.

కస్తూరయ్య వరండాలో ఫోన్లో ఉండాడు.
ఆమె నా వైపు తిరిగి, గొంతు తగ్గించి,
"ఎంత ఎత్తు వచ్చినాయి నీళ్లు?" అని అడిగింది.
వచ్చినాయా అని కాదు.
ఎంత ఎత్తు.

నోటితో నేనేం చెప్పలేదు.
కూలి ఇంకా చేతికి రాలేదు కదా.
చెయ్యి మాత్రం దానంతట అదే లేచి
నా నడుం కాడ ఆగింది.

ఆమె తలూపింది. బయటికి పోయి
మూడు లక్షలు తగ్గించి అడిగింది.
రెండున్నర కాడ తెగింది బేరం.
కస్తూరయ్య నా చేతిలో మూడొందలే పెట్టి
"ఈసారి నిమ్మకాయలు మంచివి కావులే" అన్నాడు.

నెలైనాక అటు పోతా ఉంటే
ఆ వరండా నిండా పరదా మీద ఎండు నెత్తళ్లు.
కిటికీలన్నీ బార్లా.
వీధి వీధంతా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉండాది.
నేను కిటికీ పక్కన నిలబడి వెతికినా,
నెత్తళ్ల అడుగున, ఉప్పు అడుగున.
ఉండాది. రవ్వంత.

లోపల్నించి పొన్నమ్మ నన్ను చూసి
"ఏమ్మే, నిమ్మకాయలుండాయా సంచిలో?" అని అరిచింది.
రెండుండాయి.
ఇచ్చినా.